ఎక్కడం ఒక ఎత్తు, దిగడం మరో ఎత్తు: బరువు లాగే పికప్‌లలో గేర్‌బాక్స్ ఎటు పోతోంది?

అమెరికాలోని అరిజోనా రాష్ట్రానికి పడమటి కొసన, కొలరాడో నది ఒడ్డున బుల్‌హెడ్ సిటీ అనే ఊరుంది. అక్కడి నుంచి కొండ మీదికి పోయే రోడ్డు పికప్ ట్రక్కులు తయారుచేసే కంపెనీలకు పరీక్ష హాలు లాంటిది. పేరు డేవిస్ డ్యామ్ గ్రేడ్. పొడవు 11.4 మైళ్లు, అంటే 18 కిలోమీటర్ల పైచిలుకు. నది ఒడ్డున బయల్దేరి యూనియన్ పాస్ చేరేసరికి బండి దాదాపు 900 మీటర్లు ఎక్కుతుంది.

పికప్ ఎంత బరువు లాగగలదో తేల్చే ఎస్‌ఏఈ జె2807 ప్రమాణం ఈ రోడ్డునే కొలబద్దగా పెట్టుకుంది. ట్రెయిలర్ తగిలించుకుని ఎక్కాలి. బయట వేడి కనీసం 38 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. ఏసీ ఫుల్లుగా నడుస్తుండాలి. వెనక రెండే టైర్లున్న పికప్ వేగం ఎక్కడా గంటకు 64 కిలోమీటర్ల కిందికి పడకూడదు. ఇది కాక 12 శాతం వాలు మీద ఆగి, అయిదు నిమిషాల్లో అయిదుసార్లు ముందుకు కదలాలి. మళ్లీ అయిదుసార్లు రివర్స్‌లో కదలాలి. ఈ ప్రమాణం రాకముందు లాగే బరువు అంకె ఎవరికి తోచింది వాళ్లు వేసుకునేవాళ్లు. 2011 మోడల్ టండ్రా పికప్‌తో టొయోటా మొదట దీనికి తలొగ్గింది. అమెరికన్ కంపెనీలు దారికి రావడానికి మరికొన్నేళ్లు పట్టింది.

ఈ పరీక్ష కొలిచేది ఇంజిన్ బలమనే అనిపిస్తుంది. నిజానికి ఇక్కడ ఎక్కువగా నలిగేది గేర్‌బాక్స్. నలగ్గొట్టేది బరువు కాదు, వేడి. పికప్ ట్రాన్స్‌మిషన్ రేపు ఎలా ఉండబోతోందో అర్థం కావాలంటే గేర్లు లెక్కపెట్టడం కన్నా వేడి ఎక్కడ పుడుతోంది, ఎటు పోతోంది అన్నది చూడటం మేలు.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఇంజిన్‌కూ గేర్లకూ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. రెండు ఫ్యాన్లను ఎదురెదురుగా పెట్టి ఒకటి ఆన్ చేస్తే, ఆ గాలికి రెండోదీ మెల్లగా తిరుగుతుంది. గాలి స్థానంలో ఆయిల్ ఉందనుకుంటే టార్క్ కన్వర్టర్ పనితీరు అదే. బండి కదిలే క్షణంలో ఇది ఇంజిన్ టార్క్‌ను, అంటే తిప్పే బలాన్ని, దాదాపు రెట్టింపు చేసి చక్రాలకు అందిస్తుంది. బరువైన ట్రెయిలర్‌ను ఎక్కుడులో కదిలించడానికి ఇంతకన్నా మంచి సాధనం ఇంకా రాలేదు. అయితే రెండు ఫ్యాన్ల వేగాల్లో తేడా ఉన్నంతసేపూ ఆయిల్ చిలికినట్టవుతుంది. ఆ చిలుకుడంతా వేడిగా మారుతుంది. అందుకే వేగం అందుకోగానే లోపలి లాకప్ క్లచ్ రెండిటినీ కలిపి బిగించేస్తుంది.

గేర్‌బాక్స్ ఆయిల్‌కు 80 నుంచి 95 డిగ్రీల దాకా హాయి. 120 దాటితే దాని గుణం చెడటం మొదలవుతుంది. పెరిగే ప్రతి పది డిగ్రీలకూ ఆయిల్ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందని మెకానిక్‌లు చెప్పుకునే మోటు లెక్క ఒకటుంది. లోడుతో ఎక్కుతున్న బండి ఏ గేరులో ఉండాలో తేల్చుకోలేక పైకీ కిందికీ మారుతుంటే, మారిన ప్రతిసారీ లాకప్ ఊడుతుంది, క్లచ్ ప్లేట్లు రాసుకుంటాయి, ఆయిల్ ఇంకాస్త కాగుతుంది. స్టీరింగ్ పక్కనో డాష్‌బోర్డు మీదో ఉండే టో-హాల్ బటన్ చేసే అసలు పని ఈ అనవసరపు గేరు మార్పులను ఆపడమే. అది నొక్కకుండా వందల కిలోమీటర్లు లాగేవాళ్లు చాలామందే ఉంటారు.

గేర్ల పందెం

2013 మోడల్ రామ్ 1500తో ఎనిమిది గేర్లు పికప్‌లలోకి వచ్చాయి. ఆ గేర్‌బాక్స్ మూలం జర్మనీ కంపెనీ జెడ్‌ఎఫ్‌ది. అదే ఏడాది ఏప్రిల్‌లో, పికప్ మార్కెట్లో ఉప్పూనిప్పులా ఉండే ఫోర్డ్, జనరల్ మోటార్స్ చేతులు కలిపి తొమ్మిది, పది గేర్ల ట్రాన్స్‌మిషన్లను ఉమ్మడిగా తయారుచేసుకుంటామని ప్రకటించాయి. ఫలితంగా ఫోర్డ్ పికప్ 2017 మోడల్ ఎఫ్-150లో పది గేర్లు వచ్చాయి. 2020 నాటికి ఫోర్డ్ సూపర్ డ్యూటీ, జనరల్ మోటార్స్ వాళ్ల డీజిల్ షెవ్రొలే సిల్వరాడో హెవీ డ్యూటీలు కూడా పదికి చేరాయి. ఆ సిల్వరాడో గేర్‌బాక్స్ మీద, భారీ వాహనాల గేర్‌బాక్స్‌లకు పేరుమోసిన ఆలిసన్ కంపెనీ పేరు మెరుస్తుంటుంది గానీ, దాన్ని తయారుచేసేది జనరల్ మోటార్సే. కొన్ని పేర్లకు మార్కెట్లో గేర్ల కన్నా ఎక్కువ పట్టు ఉంటుంది.

ఈ పందేనికి అసలు కారణం బరువులు లాగడం కాదు, ఇంధనం ఆదా చేయాలన్న ప్రభుత్వ నిబంధనలు. అయినా లాగేవాళ్లకు దానివల్ల మేలే జరిగింది. అదెలాగో అంకెల్లో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. ఫోర్డ్ పాత ఆరు గేర్ల పెట్టెలో మొదటి గేరు నిష్పత్తి, అంటే పెట్టె బయటి కొస ఒక్క చుట్టు తిరగడానికి ఇంజిన్ తిరగాల్సిన చుట్లు, 4.17, చివరిది 0.69. మొదటిదాన్ని చివరిదానితో భాగిస్తే 6 వస్తుంది. కొత్త పది గేర్ల పెట్టెలో మొదటిది 4.7, చివరిది 0.64. భాగిస్తే దాదాపు 7.3. నాలుగు గేర్లు అదనంగా చేరినా రెండు కొసల మధ్య దూరం పెద్దగా పెరగలేదు. కొత్త గేర్లు చాలావరకు మధ్యలోని ఖాళీలను పూడ్చాయి.

ఎక్కుడులో బతికించేది ఆ పూడిక. పాత పెట్టెలో నాలుగో గేరు 1.14, మూడోది 1.52. ఇంజిన్ నిమిషానికి 2,400 చుట్ల దగ్గర ఈడ్వలేక ఒక గేరు తగ్గిస్తే, చుట్లు ఒక్కసారిగా 3,200కు ఎగురుతాయి. ఇంజిన్ అరుస్తుంది, లోపల కూర్చున్నవాళ్లకు టెన్షన్. కొత్త పెట్టెలో 1.28 నుంచి 1.52కు దిగితే చుట్లు 2,850 దగ్గరే ఆగుతాయి. ఇంజిన్‌కు బాగా బలమున్న వేగం దగ్గరే దాన్ని ఉంచగలగడం లాగేటప్పుడు పెద్ద వరం.

మరి పన్నెండు, పద్నాలుగు గేర్లు ఎందుకు రావు? పూడ్చడానికి ఖాళీలు మిగల్లేదు కాబట్టి. పైగా ప్రతి కొత్త గేరుతో క్లచ్‌లు, వాల్వులు, వాటిని ఆడించే సాఫ్ట్‌వేర్ పెరుగుతాయి. పెరిగిన ప్రతిదీ ఎప్పుడో ఒకప్పుడు అరిగేదే. 2024లో జనరల్ మోటార్స్ 2020-22 మోడళ్లకు చెందిన దాదాపు 4.6 లక్షల డీజిల్ వాహనాలను వెనక్కి పిలవాల్సి వచ్చింది. ట్రాన్స్‌మిషన్‌లోని ఒక కంట్రోల్ వాల్వు అరిగి ప్రెషర్ తగ్గితే, అరుదుగానే అయినా, వెనక చక్రాలు బిగుసుకుపోయే ప్రమాదం ఉందన్నది కారణం. వెనక ట్రెయిలర్ ఉన్నప్పుడు అలా జరిగితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

రామ్ హెవీ డ్యూటీ నిర్ణయం ఇక్కడ గమనించదగ్గది. పోటీదారులు పదికి వెళ్లాక కూడా కమిన్స్ డీజిల్ ఇంజిన్ వెనక ఆరు గేర్ల పెట్టెనే అది ఏళ్ల తరబడి అట్టిపెట్టుకుంది. అదీ మామూలు ఇంజిన్ కాదు, 2019లో పికప్‌లలో మొదటిసారి 1,000 పౌండ్-అడుగుల టార్క్ అందుకున్నది. చివరికి 2025 మోడల్‌లో గేర్లు మార్చినప్పుడు వెళ్లింది ఎనిమిదికే. క్లచ్ పెడల్ కథ మాత్రం అంతకు ముందే, 2018 మోడల్ రామ్‌తో, భారీ పికప్‌లలో ముగిసిపోయింది.

గేర్లకు బదులు బెల్టుతో నిష్పత్తి మార్చే సీవీటీ గురించి ఒక్క మాట చాలు. అందులోని బెల్టు పట్టు మీదే అంతా ఆధారపడుతుంది, అంత టార్క్‌కు అది నిలవదు. రెండు క్లచ్‌లతో గేర్లు మార్చే డ్యుయల్ క్లచ్ పెట్టెలో టార్క్ కన్వర్టర్ ఉండదు. వాలు మీద ట్రెయిలర్‌ను కదిలించే ప్రతిసారీ క్లచ్ రాసుకుంటూ కాలాల్సిందే.

గేర్‌బాక్స్ లోపలికి మోటారు

గేర్లు పెంచడం ఆగాక మార్పు ఇంకో దారి పట్టింది. ఇంజిన్‌కూ గేర్లకూ మధ్య ఉన్న కాస్త చోటులోకి ఒక కరెంటు మోటారును దూర్చారు. 2021 ఎఫ్-150 పవర్‌బూస్ట్‌లో పది గేర్ల పెట్టెలోనే 35 కిలోవాట్ల మోటారు కూర్చుంది. తోడుగా 1.5 కిలోవాట్-గంటల చిన్న బ్యాటరీ ఉంది. కిలోవాట్-గంట అంటే కరెంటు బిల్లులో కనిపించే ఒక యూనిట్టే. ఈ బండి గరిష్ఠంగా 12,700 పౌండ్లు, అంటే దాదాపు 5,760 కిలోలు లాగుతుంది. 2022 టండ్రా హైబ్రిడ్‌దీ ఇదే అమరిక, అక్కడా పది గేర్లే.

మోటారు సున్నా చుట్ల నుంచే పూర్తి టార్క్ ఇస్తుంది కాబట్టి బండి కదిలే క్షణంలో టార్క్ కన్వర్టర్ మీద భారం తగ్గుతుంది. అంటే వేడి పుట్టే చోటే దాన్ని తగ్గించారు. గేరు మారే ఆ అరక్షణంలో కుదుపు రాకుండా మోటారు సర్దుకుంటుంది కూడా. బరువు లాగడానికి ఇంతవరకు వచ్చిన మార్పుల్లో తెలివైనది ఇదేనని చెప్పుకోవచ్చు.

ఇంత తెలివైన హైబ్రిడ్‌లో కూడా పది గేర్లు ఎందుకుంచారన్నదానికి సమాధానం దిగుడులో దొరుకుతుంది. పికప్, ట్రెయిలర్ కలిపి 7,000 కిలోలు ఉన్నాయనుకుందాం. డేవిస్ డ్యామ్ రోడ్డు మీద పైనుంచి కిందికి గంటకు 65 కిలోమీటర్ల వేగంతో దిగుతోంది. ఆ 900 మీటర్ల ఎత్తులో దాగిన శక్తి దాదాపు 17 యూనిట్లు. గాలి, టైర్ల రాపిడి తమ వంతు తినేస్తాయి. మిగిలినదాన్ని మోటారు జనరేటర్‌లా పనిచేసి కరెంటుగా మార్చి బ్యాటరీలో పోస్తుంది. కాగితం మీద లెక్క వేస్తే, 1.5 యూనిట్ల బ్యాటరీ పూర్తిగా ఖాళీగా ఉన్నా మొదటి మూడు, మూడున్నర కిలోమీటర్లలోనే నిండిపోతుంది. ఆ తర్వాత దాదాపు పదిహేను కిలోమీటర్ల వాలు మిగిలే ఉంటుంది. అక్కడ బండిని పట్టి ఉంచాల్సింది పాత పద్ధతే, అంటే కింది గేరు, ఇంజిన్ బ్రేకింగ్. బ్రేకు పెడల్ మీదే భారం వేస్తే డిస్కులు కాగి, చివరికి పట్టు వదిలేస్తాయి. డీజిల్ బండ్లలో దీనికి ఎగ్జాస్ట్ బ్రేకు కూడా తోడుంటుంది. పొగ బయటికి పోయే దారిని నొక్కిపెట్టి ఇంజిన్‌నే ఒక పెద్ద గాలి పంపులా మారుస్తుంది.

గేర్‌బాక్స్ అంటే బండిని ముందుకు నడిపేదనే అందరి ఆలోచన. ట్రెయిలర్ లాగేవాళ్లకు మాత్రం బండిని ఆపి ఉంచేది కూడా అదే. గేర్‌బాక్స్‌ను తీసిపారేయాలనుకునే ఏ కొత్త పద్ధతైనా ముందు ఈ రెండో పనికి జవాబు చెప్పుకోవాలి.

ఆస్ట్రేలియా మార్కెట్లో బయటి కరెంటుతో కూడా చార్జ్ చేసుకునే రెండు ప్లగ్-ఇన్ హైబ్రిడ్ పికప్‌లు ఈ తేడాను చక్కగా చూపించాయి. ఫోర్డ్ రేంజర్ ప్లగ్-ఇన్ పది గేర్లను ఉంచుకుని, దాంట్లోనే 75 కిలోవాట్ల మోటారు పెట్టింది. లాగే బరువు 3,500 కిలోలు, డీజిల్ రేంజర్‌తో సమానం. 2024లో వచ్చిన బీవైడీ షార్క్ మామూలు గేర్‌బాక్స్‌ను వదిలేసింది. వెనక చక్రాలను పూర్తిగా మోటారే తిప్పుతుంది. 1.5 లీటర్ల ఇంజిన్ ఎక్కువ సేపు కరెంటు తయారీకే పనిచేస్తుంది. బలంలోనూ, 29.6 యూనిట్ల బ్యాటరీలోనూ షార్క్‌దే పైచేయి. అయినా లాగే బరువు మొదట 2,500 కిలోలే ఇచ్చారు. ఒక్క క్షణం ఎంత బలం చూపగలదన్నది వేరు, గంటసేపు ఎంత నిలుపుకోగలదన్నది వేరు.

గేర్లే లేని బండి

పూర్తి ఎలక్ట్రిక్ పికప్‌లకు మామూలు అర్థంలో గేర్‌బాక్స్ ఉండదు. మోటారు వేల చుట్లు తిరుగుతుంది. ఆ వేగాన్ని తగ్గించి చక్రానికి అందించే ఒకే ఒక్క గేరు జత ఉంటుంది. 2022లో వచ్చిన ఎఫ్-150 లైట్నింగ్‌కు 10,000 పౌండ్లు లాగే శక్తి ఉంది. రివియన్ ఆర్1టీ, టెస్లా సైబర్‌ట్రక్ 11,000 దాకా వెళ్తాయి. కదలడంలో, ఎక్కడంలో ఇవి డీజిల్ బండ్లను తలదన్నుతాయి. చిక్కంతా దూరంతోనే. పెద్ద ట్రెయిలర్ తగిలిస్తే ఒక్క చార్జింగ్‌తో వెళ్లే దూరం దాదాపు సగానికి పడిపోవడం పలు స్వతంత్ర పరీక్షల్లో కనిపించింది. పెట్రోలు పికప్ మైలేజీ కూడా అలాగే పడిపోతుంది. కాకపోతే దానికి బంకులో అయిదు నిమిషాలు చాలు. ఎలక్ట్రిక్ బండి చార్జింగ్ దగ్గర చాలాచోట్ల ట్రెయిలర్‌ను విప్పి పక్కన పెట్టాల్సి వస్తుంది, తర్వాత మళ్లీ తగిలించాలి.

ఇక్కడ తప్పు ట్రాన్స్‌మిషన్‌ది కాదు, గాలికి అడ్డంగా నిలబడ్డ ట్రెయిలర్ గోడది. అయితే ఒకే గేరుతో సరిపెట్టడంలో రాజీ లేకపోలేదు. వాలు మీద కదలడానికి సరిపోయే నిష్పత్తి హైవే వేగానికి సరిపోదు. మోటారు నిలబడి ఉండగానే గట్టిగా తోయాల్సి వస్తే, కరెంటంతా మోటారులోని ఒకే తీగచుట్టలో పోగుపడి అది కాగుతుంది. కార్లలో పోర్షే టైకాన్ వెనక ఇరుసుకు రెండు గేర్లు పెట్టింది. భారీ లారీల్లో వోల్వో తన ఎలక్ట్రిక్ ఎఫ్‌హెచ్‌కు పన్నెండు గేర్ల ఐ-షిఫ్ట్ పెట్టెనే తగిలించింది. టెస్లా సెమీది ఇంకో ఉపాయం. మూడు మోటార్లలో ఒకటి హైవే ప్రయాణానికి, మిగతా రెండూ ఎక్కుడుకూ వేగం అందుకోవడానికీ. అక్కర్లేనప్పుడు ఆ రెండిటినీ క్లచ్ విడదీసేస్తుంది. గేరు మార్చే బదులు మోటారు మార్చడమన్నమాట. పికప్‌లకు కుదిరేది బహుశా ఈ మూడో దారే. రెండు గేర్ల పెట్టె పెరిగే బరువుకూ ఖర్చుకూ తగినంత లాభం ఇవ్వదు.

ట్రెయిలర్‌కే మోటారు పెట్టే ఆలోచన కూడా నడుస్తోంది. ఎయిర్‌స్ట్రీమ్ 2022లో ఈ-స్ట్రీమ్ అనే నమూనాను చూపించింది. లైట్‌షిప్ అనే కంపెనీ ఇలాంటి ట్రెయిలర్లనే తయారుచేస్తోంది. వెనక బండి తనను తానే తోసుకుంటే ముందు బండికి పెద్ద గేర్‌బాక్స్‌తో పనేముంది? ప్రశ్న బాగానే ఉంది గానీ, పడవల ట్రెయిలర్లూ పశువుల ట్రెయిలర్లూ కూడా బ్యాటరీలు మోసే రోజు దగ్గర్లో కనిపించడం లేదు.

రైలింజన్ దారిలో

ఈ లోపు కంపెనీలు ఇంకో మలుపు తిరిగాయి. 2023 నవంబరులో రామ్ కంపెనీ రామ్‌చార్జర్ అనే పికప్‌ను చూపించింది. 92 యూనిట్ల బ్యాటరీ, 3.6 లీటర్ల వీ6 పెట్రోలు ఇంజిన్, దానికి కట్టిన 130 కిలోవాట్ల జనరేటర్. ఇంజిన్‌కూ చక్రాలకూ మధ్య ఇనుప కడ్డీ సంబంధమే లేదు. ఇంజిన్ కరెంటు చేస్తుంది, మోటార్లు చక్రాలు తిప్పుతాయి. లాగే బరువు 14,000 పౌండ్లు, అంటే 6,350 కిలోలని ప్రకటించారు. బండి రాక ఒకటికి రెండుసార్లు వాయిదా పడింది. ఈలోగా 2025 సెప్టెంబరులో కంపెనీ తన పూర్తి ఎలక్ట్రిక్ పికప్ ఆలోచనను మానుకుని, దానికి అనుకున్న ఆర్‌ఈవీ అనే పేరును దీనికే పెట్టింది. అదే ఏడాది డిసెంబరులో ఫోర్డ్ కూడా పూర్తి ఎలక్ట్రిక్ లైట్నింగ్‌కు స్వస్తి చెప్పి, రాబోయే తరం లైట్నింగ్‌లో జనరేటర్ పెడతామంది.

వినడానికి కొత్తగా ఉన్నా డీజిల్ రైలింజన్లు ఎన్నో దశాబ్దాలుగా చేస్తున్నది ఇదే. వేల టన్నులు కదిలించే చోట గేర్‌బాక్స్ నిలవదని రైల్వేలు ఎప్పుడో తేల్చుకున్నాయి.

ఇది పికప్‌కు పనిచేస్తుందా? మళ్లీ ఆ 7,000 కిలోల జతనే డేవిస్ డ్యామ్ ఎక్కిద్దాం. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే సుమారు 180 కిలోవాట్లు కావాలి. జనరేటర్ ఇచ్చేది 130. మిగతా 50 బ్యాటరీ నుంచి రావాలి. పదకొండు నిమిషాల ఎక్కుడుకు తొమ్మిది యూనిట్లు ఖర్చవుతాయి, నిండు బ్యాటరీలో పదో వంతు. పెద్ద సమస్య కాదు. బ్యాటరీ ముందే ఖాళీ అయితే మాత్రం వేగం 80 దగ్గరికి పడిపోతుంది. ట్రెయిలర్ బరువు గరిష్ఠంగా 6,350 కిలోలైతే, బండి బరువు 3,300 పైమాట అనుకుంటే, జనరేటర్ ఒక్కదాని మీద వేగం 66కు అటూ ఇటూగా తేలుతుంది. ఇది మోటు లెక్కే. అయినా పరీక్ష గీసిన 64 గీతకు ఆనుకుని రావడం ఆసక్తికరం. ఇలాంటి బండి కొనేవాళ్లు ప్రకటనలోని మొత్తం హార్స్‌పవర్‌ను కాక, బ్యాటరీ అడుగంటినా జనరేటర్ ఒక్కటే ఎంత ఇవ్వగలదో అడగాలి.

సమతలం మీద ఇంకో చిన్న నష్టం ఉంది. గేర్ల ద్వారా వెళ్లే బలంలో అయిదు శాతం అటూ ఇటూగా పోతుంది. జనరేటర్, ఇన్వర్టర్, మోటారు అంటూ చేతులు మారితే పోయేది పది, పదిహేను శాతం. రోజంతా హైవే మీద ట్రెయిలర్ లాగేవాళ్లకు ఇది లెక్కలోకి వచ్చేదే. రోజూ వందల కిలోమీటర్లు లాగే భారీ డీజిల్ పికప్‌లలో గేర్లు చాలాకాలం ఉంటాయని చెప్పడానికి ఈ ఒక్క కారణం చాలు.

దిగుడులో మాత్రం పెద్ద బ్యాటరీ సుఖం వేరు. పవర్‌బూస్ట్‌కు మూడు కిలోమీటర్లలో నిండిన గిన్నె ఇక్కడ చెరువంత. 900 మీటర్లు దిగినా చేరేది ఎనిమిది, తొమ్మిది యూనిట్లే. అంతకు చోటుండాలి, అంతే. ట్రెయిలర్‌తో కొండ మీదే రాత్రి గడిపి, బ్యాటరీని నూరు శాతం నింపుకుని, తెల్లారగానే దిగుడుతో ప్రయాణం మొదలుపెట్టే బండికి ఆ చోటే ఉండదు. రైలింజన్లు ఇలాంటప్పుడు కరెంటును పెద్ద హీటర్ తీగల్లోకి పంపి, ఫ్యాన్లతో ఆ వేడిని గాలిలోకి ఊదేస్తాయి. పికప్‌లో అంత చోటు లేదు. జనరేటర్‌నే మోటారుగా మార్చి, పెట్రోలు పోయకుండా ఇంజిన్‌ను ఊరికే తిప్పి ఆ కరెంటును ఖర్చుపెట్టడం ఒక మార్గం. మ్యాప్‌లో ముందున్న దిగుడును చూసి, రాత్రి చార్జింగ్‌ను తొంభై దగ్గరే ఆపేయడం ఇంకా తేలికైన మార్గం.